పోయొస్తా అనకుండా పోవడం

కొత్తగా ఇంగ్లీషు టీచర్లుగా చేరే అమ్మాయిలు అప్పుడప్పుడు నన్ను సలహాలు అడుగుతుంటారు. రిటైరైనదాన్ని అడగడం వాళ్ళ మర్యాద, ఇవ్వకుండా ఉండలేకపోవడం నా బలహీనత. నేను చెప్పేది ఒక్కటే. పెద్ద మాటలకు భయపడకండమ్మా, తంటా అంతా చిన్నవాటితోనే. ముఖ్యంగా ‘గో’ అనే మాటతో. ఉద్యోగమంతా ఇంగ్లీషే చెప్పి, అందులో సగానికి పైగా కువైట్‌లో చెప్పి ఇంటికొచ్చాను. ఆ మాట దగ్గరికొచ్చేసరికి ఇవాళ్టికీ నాకు తికమకే. ఎందుకో చెబుతాను. చివరికి ఏదో తేలుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి.

వారమంతా ఒక ఇండియన్ స్కూల్లో పని చేసేదాన్ని. శుక్రవారం ఖైతాన్‌లో మనవాళ్ళకు ఉచితంగా ఇంగ్లీషు క్లాసు. క్లాసంటే బల్లలూ బోర్డూ ఊహించుకోకండి. ఒక టైలరింగ్ షాపు పైన, జగిత్యాల, నిజామాబాద్ వాళ్ళు కలిసి ఉండే గది. శుక్రవారం పొద్దున పరుపులు చుట్టేసి గోడకు ఆనించేవాళ్ళు. పాత క్యాలెండర్ కాగితాలు తిరగేసి, తెల్లగా ఉన్న వైపు నేను రాసేదాన్ని. పక్కన కుక్కర్ కూతలు, కింద కుట్టుమిషన్ల చప్పుడు. వచ్చేవాళ్ళలో డ్రైవర్లు, సూపర్‌మార్కెట్లలో సరుకులు సర్దేవాళ్ళు, శుక్రవారం సెలవు దొరికే అదృష్టం ఉన్న ఇంటిపని ఆడవాళ్ళు ఇద్దరో ముగ్గురో.

వారానికో క్రియ చెప్పడం నా పద్ధతి. ముందు ఆ మాటకున్న అర్థాలు, ఆ తర్వాత దాని పుట్టుపూర్వోత్తరాలు. స్కూల్లో పిల్లలు ఆ రెండోది వినేవాళ్ళు కాదు, పరీక్షలో రాదు కదా. ఖైతాన్‌లో మాత్రం దాని కోసమే చెవి కోసుకునేవాళ్ళు. మాటలకు కూడా పుట్టిన ఊరుంటుందా అని ఒకాయన తెగ సంబరపడిపోయాడు.

‘గో’ వంతు వచ్చిన శుక్రవారం నేను మహా ఉత్సాహంగా వెళ్ళాను. పాలు విరిగినా గో, కరెంటు పోయినా గో, వాన పడబోతోందన్నా అందులో గో ఉందని కాగితం నిండా రాశాను. పూర్వం ఆ మాటను ఎక్కువగా కాళ్ళతో నడిచి వెళ్ళడానికే వాడేవారని చెప్పాను. ఇన్నేళ్ళ క్రితం అనడానికి చివర్న తగిలించే ‘అగో’లో ఉన్నదీ అదేనని చెప్పాను. అసలు విశేషం చివరికి దాచుకున్నాను. ‘గో’కి ఒకప్పుడు సొంత భూతకాల రూపం ఉండేది. అది వాడుకలోంచి జారిపోయింది. దారి పట్టి పోవడమనే అర్థమున్న వేరే క్రియ నుంచి ‘వెంట్’ని తెచ్చి దీనికి అతికించారు.

జగిత్యాల నుంచి వచ్చిన ఒక డ్రైవరుకి ఇది అస్సలు మింగుడుపడలేదు. రుమైథియాలో ఒక ముసలావిడ ఇంట్లో పని చేసేవాడు. "అంటే టీచరమ్మా, పోవుడు దీనిది, పోయింది ఇంకొకలదా? గిదేం లెక్క?" అన్నాడు.

"అంతే. మనిషి చనిపోయినా ఈ మాటే వాడతారు, గాన్ అని. మనమూ ‘పోయాడు’ అంటాం కదా" అన్నాను, పాఠం భలే కుదిరిందనుకుంటూ.

 గోడవారగా కూర్చున్న రాయచోటి ఆమె తల అడ్డంగా ఊపింది. అదే రుమైథియా ఇంట్లో ఎనిమిదేళ్ళుగా పని చేస్తోంది, డ్రైవరే శుక్రవారాలు తన కార్లో తీసుకొచ్చేవాడు. "అందుకే కదమ్మా మేము పోతాండా అని యెవురికీ చెప్పము. పోయొస్తా అంటాము. పోతాండా అంటే మళ్ళా రానట్టు గదా" అంది.

డ్రైవర్ నవ్వాడు. "గీ అక్క మా మామాకు గుడ నేర్పింది టీచరమ్మా. మామాను దవాఖానకు తీస్కపోయేటప్పుడు గేటుకాడ నిలవడ్తది. మామా పోయొస్తా అన్నదాంక బండి కదలనియ్యదు. మామాకు ప రాదు గద, బోయొస్తా అంటది. అప్పుడు ఈమె పోయిరా మామా అంటది. గప్పుడు పోవాలె నేను."

ఇంటి యజమానురాలిని అక్కడ పనివాళ్ళంతా మామా అనే పిలుస్తారు. ఒక కువైటీ ముసలావిడ చక్రాల కుర్చీలో కూర్చుని గేటు దగ్గర "బోయొస్తా" అంటోందని తలచుకుంటే నాకూ నవ్వొచ్చింది.

క్లాసు అయ్యాక అందరూ లేచారు గానీ రాయచోటి ఆమె లేవలేదు. "టీచరమ్మా, నాకు ఒగ మాట ఇంగిలీషులో నేర్పించల్ల" అంది. ఏమిటంటే, "నేను పోతాండా, మళ్ళా రాను" అని చెప్పాలట.

సంగతి ఇది. ఆమెకు రాయచోటిలో ఒక కూతురు ఉంది. పసిగుడ్డుగా ఉన్నప్పుడు చెల్లెలి చేతిలో పెట్టి వచ్చింది. మధ్యలో రెండుసార్లు సెలవు మీద ఊరికి వెళ్ళింది. వెళ్ళిన ప్రతిసారీ పిల్ల కొత్త పోయి దగ్గరయ్యేసరికి తిరుగు ప్రయాణం. ఈసారి సెలవుకి వస్తున్నానని వీడియో కాల్లో చెబితే, "వచ్చి పొయ్యేదుంటే రావద్దు మా" అందట పిల్ల. ఫోను పెట్టేసిందట.

"అప్పుడు మామా పక్కనే ఉన్నింది. పాప ఏమనింది అని అడిగింది. ఏంల్యాదు మామా, సదువు సంగతి అని చెప్పినా" అంది. కొంగుతో మొహం తుడుచుకుని, "ఈసారి ఖలాస్ చేసుకోని పోకుంటే పాప నాకు దక్కదమ్మా" అంది.

వెళ్ళిపోవాలంటే ఇఖామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే పర్మిట్టు, రద్దు చేయించాలి. ఇఖామా మామా పేరు మీద ఉంది. ఊరికి పోవాలని మామాకి అరబ్బీలో ఎన్నిసార్లు చెప్పినా వినబడనట్టు ఉంటుందట. చాయ్ అడుగుతుంది, టీవీ సౌండు పెంచుతుంది, లేదా కాళ్ళు లాగుతున్నాయంటుంది. మామా కూతురు ఎగైలాలో ఉంటుంది, ఇంటి వ్యవహారాలన్నీ ఆవిడవే. ఆవిడ మంచిదే. వేరే పనిమనిషిని కూడా మాట్లాడి పెట్టింది. కాకపోతే ఒక షరతు పెట్టింది. నా ఎదురుగా మా అమ్మకు నువ్వే స్పష్టంగా చెప్పు, మా అమ్మ సరే అంటే రద్దు చేయిస్తాను, నేను నిన్ను పంపించేశానని అమ్మ తర్వాత నన్ను అనకూడదు అంది. మామా కూతురు ఇంగ్లీషు బాగా మాట్లాడుతుంది.

"అరబ్బీ నీకు బాగా వచ్చు కదా, అందులోనే ఆవిడ ముందు చెప్పొచ్చుగా?" అన్నాను.

"అరబ్బీ గూడా నోట్లో నానిపొయ్యింది టీచరమ్మా, మనమాట మాదిరే అయిపొయ్యింది. రాను అనేదానికి నోరు రాదు. ఇంగిలీషులో అయితే నోరు కాలదు గదా" అంది.

ఆ తర్కం విని నాకు కోపం రాలేదు, జాలీ వేయలేదు. అయోమయంగా అనిపించింది. జీతం తీసుకుని ఇంగ్లీషు చెప్పిన ఇన్నేళ్ళలో, చెప్పలేని మాట చెప్పడానికి ఇంగ్లీషు కావాలని నన్నెవరూ అడగలేదు. సరే, పాఠమే కదా, చెబితే పోయిందనుకున్నాను.

"ఐ యామ్ గోయింగ్. ఐ విల్ నాట్ కమ్ బ్యాక్." ఇంతే. గోడకు చెప్పమంటే ముత్యాల్లా చెప్పింది. ఆ తర్వాతి శుక్రవారం క్లాసులో అందరి ముందూ సాధన పెట్టాను. డ్రైవర్ తలకు టవలు చుట్టుకుని, కాళ్ళు చాపుకుని, మామాలాగా మూలుగుతూ కూర్చున్నాడు. ఆమె ఎదురుగా నిలబడింది. "ఐ యామ్ గోయింగ్" అంది. ఆగింది. "అండ్ కమింగ్ మామా" అంది.

గదంతా ఘొల్లుమంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. "కమింగ్ లేదు తల్లీ! అక్కడితో ఖలాస్!" అని అరిచాను. మళ్ళీ చెప్పించాను. మళ్ళీ అండ్ కమింగ్. సరే, మీరు చెప్పి చూపించండని ఒక్కొక్కరినీ లేపాను. గోడౌన్లో బస్తాలు మోసే పెద్ద మీసాలాయన గంభీరంగా వచ్చి, టవలు కట్టుకున్న డ్రైవర్ మొహంలోకి చూసి, ఐ యామ్ గోయింగ్ వరకు చెప్పి, నా వల్ల కాదని కూర్చున్నాడు. అందరూ అంతే. ఎదురుగా మనిషి లేకపోతే వస్తుంది, ఉంటే రాదు.

"ఇది ఒట్టి వాక్యమర్రా! మాటకు అర్థమే ఉంటుంది, శాపం ఉండదు" అని కసిరి, పావుగంట ఉపన్యాసం దంచి, సంచీ భుజాన వేసుకుని గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ, "సరే, వెళ్ళొస్తాను" అన్నాను. లోపలి నుంచి వినిపించిన నవ్వు కింద టైలరింగ్ షాపు దాకా నాతో దిగింది.

మామా కూతురు వస్తానన్న శుక్రవారం నన్ను కూడా రమ్మని రాయచోటి ఆమె బతిమాలింది. మీరు పక్కనుంటే నోరు వస్తాది అంది. నాకేం పనని అనుకుంటూనే వెళ్ళాను. హాల్లో ఎత్తు తక్కువ మంచం మీద మామా ఆనుకుని కూర్చుంది. పక్కన సోఫాలో కూతురు, ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు. నాకు ఖర్జూరాల ప్లేటు, చిన్న కప్పులో గహ్వా, అంటే అరబ్బు కాఫీ, ఇచ్చారు. డ్రైవర్ తలుపు దగ్గర నిలబడ్డాడు. రాయచోటి ఆమె చేతులు కడుక్కుని వచ్చి మంచం ఎదుట నిలబడింది.

"మామా, ఐ యామ్ గోయింగ్. ఐ విల్ నాట్ కమ్ బ్యాక్."

నా దగ్గర చదువుకున్న ఎవరూ ఆ వాక్యాన్ని అంత శుభ్రంగా పలకలేదు. ఒక్క క్షణం టీచరుగా పొంగిపోయాను, సిగ్గు లేకుండా. కూతురు దాన్ని అరబ్బీలోకి మార్చబోయింది. మామా చెయ్యెత్తి ఆపింది. రాయచోటి ఆమె వైపే చూస్తూ, తప్పు చేసిన పిల్లను దిద్దుతున్నట్టు వేలు ఊపింది.

"బోతా, లా. బోయొస్తా గూలీ."

లా అంటే కాదు. గూలీ అంటే చెప్పు. పోతా అనకు, పోయొస్తా అని చెప్పు అంటోంది. 

కూతురు నా వైపు తిరిగి, అమ్మ ఏం అడుగుతోందని ఇంగ్లీషులో అడిగింది. వెళ్ళి వస్తానని చెప్పమంటున్నారు అన్నాను. కూతురి మొహం విప్పారింది. "అయితే సెలవుకే వెళ్తుందన్నమాట. రిటర్న్ టికెట్టు తీసేస్తాను" అంది.

రాయచోటి ఆమె పెదవులు బిగబట్టి నిలబడింది. ఆ మాట అంటే టికెట్టు రెండు వైపులా అవుతుంది, ఊళ్ళో పిల్ల మళ్ళీ మొహం తిప్పుకుంటుంది. అనకపోతే ఎనిమిదేళ్ళు తన చేత్తో స్నానం చేయించిన ముసలావిడకు మొహమ్మీదే మళ్ళీ రానని చెప్పినట్టు. నన్ను చూసింది.  మామా మళ్ళీ అంది, ఈసారి వేలు ఊపకుండా, మెల్లిగా: "బోయొస్తా గూలీ."

"పోయొస్తా మామా" అనేసింది. అని, రెండు చేతులతో నోరు మూసుకుంది.

"అంటే తిరిగి వస్తుందా?" కూతురు నన్నే అడిగింది. అందరూ నన్నే చూశారు. ఆ గదిలో ఇంగ్లీషు టీచర్ని నేనే మరి.

"రాదు. మాలో వెళ్ళేటప్పుడు అలా అంటారు" అన్నాను.

"రానప్పుడు వస్తానని ఎందుకంటారు? అదీ ఒంట్లో బాగాలేని మనిషితో?"

నేను ఒక వాక్యం మొదలుపెట్టి వదిలేశాను. ఇంకొకటి మొదలుపెట్టాను. మంచి చెడ్డల గురించి, శకునాల గురించి, ఇంట్లో బియ్యం అయిపోతే నిండుకున్నాయనే మనుషుల గురించి ఏదో నసిగాను. కూతురు ఓపికగా విని, "టీచర్, తిరిగి వస్తుందా? దయచేసి అవునో కాదో చెప్పండి" అంది.

"కాదు" అన్నాను.

మామా మా ఇద్దరినీ పట్టించుకోలేదు. కూతురితో అరబ్బీలో ఏదో అంది, చివర్న ఖలాస్ అంది. కూతురు నమ్మలేనట్టు రెండోసారి అడిగి, నా వైపు తిరిగింది. "రద్దు చేయించమంటోంది" అంది.

తిరిగి వస్తుందని మామా నమ్మి ఉంటే, ఇఖామా రద్దు చేయించమని ఎందుకంది? రాదని తెలిస్తే ఆ మాట ఎందుకు పట్టుబట్టి అనిపించుకుంది? నన్ను ఇంటి దగ్గర దింపుతున్నప్పుడు డ్రైవర్ని అడిగాను. "నాకు గంత సమజైతే డ్రైవరెందుకైత టీచరమ్మా" అన్నాడు.

ఆమె వెళ్ళిన రోజు నాకు స్కూలుంది, చూడలేదు. తర్వాతి శుక్రవారం డ్రైవర్ క్లాసులో అందరి ముందూ చెప్పాడు.

"మామానే తనను గేటుకాడ్కి తీస్కపొమ్మన్నది. కుర్చీల కూసుండవెట్టి తీస్కపోయిన. రోజు అక్క నిలవడే జాగల ఆరోజు మామా ఉన్నది. అక్క బ్యాగు పట్టుకొని పోయొస్తా మామా అన్నది. మామా పోయిరా అనాలె గద? అనలే. నోరు ఆడుతున్నది గని మాట రాలే. జరసేపటికి ‘బో’ అన్నది. అక్క ఇంకా నిలవడ్డది, మిగిలింది అంటదేమో అని. మల్ల ‘బో’ అన్నది, చెయ్యితోని గిట్ల అన్నది. నాకు యల్లా, నడువు అన్నది. ఇగ బండి తీసిన."

"ఆమె ఏమంది?"

"ఎయిర్‌పోర్టు దాంక ఏడుసుడే టీచరమ్మా. మామాకు నా మీద కోపమొచ్చింది, రా అని గుడ అనలే అని. నిజంగనే గుస్స అయ్యిందంటవా?"

ఆ రోజు క్రియా లేదు, పాఠమూ లేదు. మామాకు కోపమని కొందరు. ముసలామె, మిగతా సగం మర్చిపోయిందని కొందరు. ఏడుపు ఆపుకోలేక అంతవరకే అనగలిగిందని మీసాలాయన. మా గోదావరి వైపు ఇంట్లోంచి బయల్దేరే మనిషిని ‘పో’ అంటే గెంటేసినట్టే. రాయచోటి వాళ్ళ నోట్లో ఆ మాట అంత కటువుగా ఉండదు, మామా నేర్చుకున్నది వాళ్ళ దగ్గరే. అలాగని వాళ్ళు కూడా ప్రయాణమయ్యే మనిషితో పక్కన ‘రా’ లేకుండా అనరు కదా. నాకు ఎటూ పాలుపోలేదు. ఎనిమిదేళ్ళు ఒకరి చెయ్యి పట్టుకుని ఒకరు బతికి, ఆఖరికి ఇలా విడిపోయారేనని ఆ వారమంతా మనసు పాడైపోయి తిరిగాను. స్కూల్లో పిల్లల మీద ఊరికే చిరాకుపడ్డాను. మామానే అడుగుదామని డ్రైవర్తో ఒకసారి అన్నాను కూడా. ఏమని అడుగుతారు టీచరమ్మా అన్నాడు. నిజమే, ఏమని అడుగుతాను?

కొన్ని వారాల తర్వాత రాయచోటి నుంచి నా ఫోనుకు ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. స్టాఫ్ రూములో ఒక్కదాన్నే ఉన్నాను, చెవికి ఆనించుకుని విన్నాను.

"టీచరమ్మా, బాగుండారా? నేను వచ్చినప్పటినుంచి పాప నా దెగ్గరికి రాల్యాదమ్మా. నాతో మాట్లాడతాది, అన్నం పెడితే తింటాది, పండుకునేది మాత్రం వాళ్ళ చిన్నమ్మ కాడనే. నా బ్యాగు యాడుందో రోజూ చూసుకుంటాది. నిన్న అడిగింది, ఆ అవ్వ నిన్ను మళ్ళా రమ్మనిందా మా అని. ల్యాదు పాపా, ‘బో’ అనింది, రెండుసార్లు అనింది అని చెప్పినా. రా అనల్యాదా అనింది. అనల్యాదు అన్నా.  దీపం ఆర్పినాక దిండు ఎత్తుకోని వచ్చి నా పక్కన పండుకునింది."